ఒంటితాడి

ఒంగోలు సర్వే ఆఫీసు రికార్డు గదిలో
గుడ్డ అతికించిన పాత షీటు విప్పితే
ముందు బొద్దింక రాలింది,
తర్వాత సముద్రం.
నీలం వెలిసి టీ మరక రంగుకు దిగింది.
పైన రాసుంది: నెల్లూరు జిల్లా, ఒంగోలు తాలూకా.
మా ఊరు అప్పటికింకా నెల్లూరుదే.

నేను ట్రేసర్ని.
గీత మీద గీత గీయడం నా జీతం.
ఎవరో ఎండలో నడిచిన నేలని
పదకొండేళ్ళుగా ఫ్యాను కింద కూర్చుని నడుస్తున్నాను.

గుండ్లకమ్మ మొగ దగ్గర
ఇసుక దిబ్బలకు పొడి చుక్కలు,
మొగలి పొదలకు పిట్టకాళ్ళ గుర్తులు,
ఉప్పు మళ్ళకు గళ్ళు,
మా పాలేనికి ఆరు నల్లటి గింజలు. పేరు లేదు.
గింజల పక్కన దిబ్బ కొన మీద
ఒక త్రిభుజం, లోపల బొట్టు,
కింద ఎత్తు: ఇరవై ఏడు అడుగులు.

ఆ త్రిభుజం నాకు ముందే తెలుసు.
"ఆడ ఒంటితాడి ఉండె గదమ్మే"
అనేది మా అవ్వ కావమ్మ, చేపల బుట్ట దించుతా.

ఒంటితాడి నెత్తి మీదికి ఒంగోలు కొండ వస్తే ఒక గీత.
కనుపర్తి ఉప్పు కొటారు తెల్లగోడ మీదికి
అమ్మోరి వేప వస్తే ఇంకో గీత.
రెండూ కలిసేచోట, ఎనిమిది బారల నీళ్ళ కింద
రాతిపారు. పారు నిండా వంజరం.
అవ్వకు తాత, పామంజి పోలేరయ్య,
తెప్ప మీద మోకాళ్ళు పాతి
మెడ రెండుసార్లు తిప్పి చూసి
రాయి దించేవాడు.
గొలుసు లేదు, కాగితం లేదు.

మాఘంలో వచ్చాడంట అరుణాచలం పిళ్ళై,
రెండెడ్ల బళ్ళు, దుప్పట్లో చుట్టిన ఇత్తడి యంత్రం.
గొడుగు యంత్రానికి పట్టారు.
పిళ్ళై ఎండలోనే నిలబడ్డాడు.
జెండా నాటడానికి దిబ్బ కొన కావాలి.
కొన మీద తాడి ఉంది.
పోరంబోకు చెట్టు, ఎవరినీ అడగక్కర్లేదు.
గొలుసు మోసే దావీదు గొడ్డలి తీశాడు.
ముంజెల కాలం దాకా కూడా ఆగలేదు.

ఆ పొద్దు పోలేరయ్య నీళ్ళ మీదున్నాడు.
మెడ తిప్పాడు: కొండ ఉంది.
కొండ ముందు ఏమీ లేదు.
కళ్ళు నులుముకున్నాడు. తెప్పను తిప్పాడు, మళ్ళీ తిప్పాడు.
తనదే లెక్క తప్పిందనుకున్నాడు పాపం,
సాయంత్రం దాకా.

ఒడ్డుకొచ్చేసరికి మాను అడ్డంగా పడుంది, ఆకులింకా పచ్చగానే.
పిళ్ళై అరవం కలిసిన తెలుగులో
"మీ పాలెం పేరేమి?" అనడిగాడు.
తాత పలకలేదు.
అందుకే పేరు లేదేమో.
లేదా ఆ గింజల పక్కన రాసేందుకు చోటు చాలలేదేమో.
నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది, ఆఫీసులో ఉన్నంతసేపు.

మర్నాటికి తాడి ఉన్నచోట వెదురు గడ,
గడకు తెల్లగుడ్డ.
"ఆ ఏడంతా వంజరం దొర గుడ్డ కిందే పట్టినారు"
అని అవ్వ పొగాకు ఉమ్మి నవ్వేది.
కార్తీక మాసపు గాలివాన
గడనీ గుడ్డనీ రెండు గుడిసెలనీ కలిపి ఎత్తుకుపోయింది.

"మరి పారు దొరికిందా అవ్వా?"
"మూడేళ్ళు తాడుకు రాయి కట్టి దేవులాడినారు.
దొరికింది గానీ,
అదే ఇదని ఎవురు చెప్తారు?"

మొగ ఇప్పుడు ఉత్తరానికి జరిగింది.
త్రిభుజం పాతిన రాయి నీళ్ళలో ఉందంటారు.
నా ట్రేసింగ్ కాగితం మీద మాత్రం
బొట్టు చెక్కుచెదరకుండా కూర్చుంది.

ఆఫీసు సద్దుమణిగాక
బాగా సన్నగా చెక్కిన పెన్సిలుతో
సముద్రంలోకి రెండు గీతలు లాగాను.
ఊపిరి బిగబట్టి, కలిసేదాకా.

సూపర్నెంటు భుజం మీదుగా వంగాడు.
"ఏందమ్మా అది?"

మడత సార్, అన్నాను.
పాత కాగితం గదా.